ఒక బిడ్డ పుట్టాక రెండోసారి గర్భం రాకపోతే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో వెళ్ళాలి

మా పాప యూకేజీలో ఉన్నప్పుడు రెండో బిడ్డ కోసం ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఏడాదిన్నర దాటింది. ప్రతి నెలా అదే తంతు. డేట్ దాటిన మొదటి రోజు ఆశ, రెండో రోజు వేళ్ళ మీద లెక్కలు, మూడో రోజు కడుపునొప్పి. ఆవిడ నా ఫైలంతా తిరగేసి, "మీవారికి టెస్ట్ చేయించారా?" అని అడిగారు.

"ఆయనకేముంది మేడమ్, పాప ఉందిగా" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పాప పుట్టి ఐదేళ్ళయింది. ఐదేళ్ళ కిందటి షుగర్ రిపోర్టు తెచ్చి ఇవాళ మందు రాయమంటే రాస్తానా?"

అంతకుముందు ఇంకోచోట ఎనిమిది నెలలు తిరిగాం. నాకు పదేపదే రక్తపరీక్షలు, మూడు నెలల పాటు ఫాలిక్యులర్ స్కాన్లు (అండం ఎదుగుదల చూసేవి) చేశారు. ఆయన్ని మాత్రం లోపలికి కూడా పిలవలేదు. తీరా చూస్తే ఆయన వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 9 మిలియన్లే, నాకు థైరాయిడ్ సమస్య. ఇద్దరిలోనూ లోపం ఉంది, ఎనిమిది నెలలు మాత్రం నా ఒక్కదానికే వైద్యం జరిగింది.

ఒక బిడ్డ పుట్టాక మళ్ళీ గర్భం నిలవకపోవడాన్ని డాక్టర్లు సెకండరీ ఇన్‌ఫెర్టిలిటీ అంటారు. మొదటి బిడ్డను అందరం సర్టిఫికెట్‌లా చూస్తాం. అది అప్పటి సర్టిఫికెట్టే తప్ప ఇప్పటిది కాదు. నేను డాక్టర్ని కాను. ఏ వరుసలో వెళ్తే నెలలు వృథా కావో, తెలిసిన మేరకు రాస్తున్నాను.

1. ముందు నెలలు సరిగ్గా లెక్కపెట్టండి

భార్య వయసు 35 లోపైతే 12 నెలలు ప్రయత్నించాక డాక్టర్ని కలవాలి. 35 దాటితే 6 నెలలు చాలు. 40 దాటితే ఆగడమే వద్దు. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళు, గతంలో గర్భసంచిలో కాకుండా ట్యూబులో (అండవాహికలో) గర్భం వచ్చినవాళ్ళు, టీబీ వచ్చినవాళ్ళు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉందని తెలిసినవాళ్ళు ఏ వయసులోనైనా మొదటి నెలలోనే వెళ్ళొచ్చు.

"మొదటిసారి పెళ్ళయిన మూడు నెలలకే నెల తప్పాను" అని పోల్చుకోకండి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి 30 ఏళ్ళప్పుడు ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం సుమారు 20 శాతం. 40కి వచ్చేసరికి అది 5 శాతం దగ్గరకు పడిపోతుంది. 26లో మొదటి కాన్పు, పాప స్కూలు, ఇంటి లోను, ఉద్యోగం అన్నీ కుదిరాక 34లో రెండోది అంటే మధ్యలో ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి.

లెక్కలోకి రాని నెలలు కూడా ఉంటాయి. పాలిస్తున్నప్పుడు ప్రొలాక్టిన్ అనే హార్మోను అండం విడుదలను ఆపొచ్చు. నెలసరి సక్రమంగా మొదలైనప్పటి నుంచే లెక్క మొదలుపెట్టండి. కాపర్-టీ తీసేస్తే గర్భం వచ్చే శక్తి వెంటనే తిరిగొస్తుంది. గర్భం రాకుండా ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చే 'అంతర' ఇంజెక్షన్ సంగతి వేరు. చివరి డోసు తర్వాత మామూలు కావడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. అది లోపం కాదు, మందు ప్రభావం అంతే.

ఇక గల్ఫ్ కుటుంబాలు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు ఇది ఇంటింటి కథ. ఆయన రెండేళ్ళకోసారి నలభై రోజుల సెలవు మీద వస్తారు. "మూడేళ్ళుగా లేదు" అని ఊరంతా అంటుంది గానీ నిజానికి కలిసున్నది మూడు నెలలు. అలాంటివాళ్ళు ఒక పని చేయొచ్చు. భార్య పరీక్షలన్నీ ఆయన రాకముందే ముగించుకోవాలి. ఆయన దిగిన మొదటి వారంలోనే సెమెన్ టెస్ట్ (వీర్యపరీక్ష) చేయించాలి. అవసరమైతే తిరిగి వెళ్ళేలోపు నమూనాను ఫ్రీజ్ చేసి దాచే వీలుంది. దానికి ఆయన రాతపూర్వక అనుమతి కావాలి కాబట్టి సెలవు చివరి రోజు దాకా ఆగకండి.

2. పాత కాన్పు ఫైలు బయటికి తీయండి

బీరువాలో చీరల కింద ఎక్కడో ఉంటుంది, పసుపు అంటిన ప్లాస్టిక్ కవర్లో. ఆ డిశ్చార్జ్ కాగితం ఏ టెస్టుకూ తీసిపోదు. దొరక్కపోతే కాన్పు జరిగిన ఆసుపత్రిలో నకలు అడగండి.

అందులో చూడాల్సినవి: విపరీతంగా రక్తం పోయిందా, రక్తం ఎక్కించారా, మాయ చేత్తో తీశారా, కాన్పు తర్వాత జ్వరం వచ్చిందా, తర్వాత డీఎన్‌సీ (మనవాళ్ళు "క్లీనింగ్" అంటారు) చేశారా. వీటివల్ల గర్భసంచి లోపలి పొర దెబ్బతినొచ్చు, ట్యూబులకు ఇన్‌ఫెక్షన్ పాకొచ్చు. డీఎన్‌సీ తర్వాత నెలసరి మరీ తక్కువగా, ఒక రోజుతో ఆగిపోతుంటే లోపల గోడలు అతుక్కున్నాయేమో చూడాలి. కాన్పులో బాగా రక్తం పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి మళ్ళీ రాకుండా, ఎప్పుడూ నీరసంగా ఉంటే మెదడులోని పిట్యుటరీ గ్రంథి దెబ్బతిని ఉండొచ్చు. ఇది అరుదే గానీ, ఏళ్ళ తరబడి "బలహీనత" అని టానిక్కులతో నెట్టుకొస్తుంటారు.

పీపీఐయూసీడీ అనే అక్షరాలు ఉన్నాయేమో కూడా చూడండి. కాన్పు సమయంలోనే కాపర్-టీ వేసే పద్ధతి ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. నొప్పుల మధ్య సంతకం పెట్టిన సంగతి గుర్తులేనివాళ్ళూ ఉంటారు. ఒక్క స్కాన్‌తో తేలిపోతుంది.

ఫైల్లో లేని సంగతులు కూడా డాక్టర్‌కి చెప్పాలి. మధ్యలో వచ్చిన గర్భం వద్దనుకుని మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకోవడం, ఆ తర్వాత రోజుల తరబడి బ్లీడింగ్ కావడం చాలామందికి జరిగేదే. అత్తగారి ముందు చెప్పలేకపోతే "ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి మేడమ్" అనండి. ఈ మాట ఆవిడ రోజూ వింటారు. ఇక ఐ-పిల్ (కలిశాక గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర) ఎప్పుడో రెండుసార్లు వేసుకున్నందుకు పిల్లలు పుట్టరేమోనన్న భయం అక్కర్లేదు.

3. రోజులు తెలుసుకోండి, క్యాలెండర్‌కి బానిస కాకండి

అండం విడుదలయ్యాక బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి. అంటే గర్భానికి వీలున్నవి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు.

అండం విడుదల పద్నాలుగో రోజే అని అందరికీ నూరిపోశారు. అది 28 రోజుల చక్రం ఉన్నవాళ్ళకు. తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అన్నది సరైన లెక్క. 35 రోజులకోసారి వచ్చేవాళ్ళకు అది 21వ రోజు. పద్నాలుగో రోజు ఒక్కటే ముహూర్తం పెట్టుకుంటే వాళ్ళు ప్రతి నెలా వారం ముందే ఆగిపోయినట్టు.

నేను వంటింట్లో వేలాడే పంచాంగం క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టేదాన్ని. ఒకసారి మా అత్తయ్య చూసి, "ఆ రోజేంటమ్మా, ఏకాదశి కూడా కాదే?" అన్నారు. ఆ తర్వాత ఫోన్‌లోకి మార్చేశాను.

గుర్తు తేలికే. ఆ రోజుల్లో తెల్లబట్ట పచ్చి గుడ్డు తెల్లసొనలా జారుతూ, సాగుతూ ఉంటుంది. ఓవ్యులేషన్ కిట్ (మూత్రంతో ఇంట్లోనే చూసుకునేది) వాడితే, గీత ముదిరాక ఒకటి రెండు రోజుల్లో అండం విడుదలవుతుందని అర్థం. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్ళను ఈ కిట్లు తరచుగా తప్పుదారి పట్టిస్తాయి.

అయితే ఇంత లెక్క అందరికీ అవసరం లేదు. నెలసరి ఆగిన దగ్గర్నుంచి రోజు విడిచి రోజు, లేదా వారానికి మూడుసార్లు కలిస్తే చాలు, ఆ ఆరు రోజులు వాటంతట అవే కలిసొస్తాయి. "బలం దాచుకోవాలి" అని వారాల తరబడి దూరంగా ఉంటే ఉపయోగం లేదు, పాత కణాల కదలిక తగ్గుతుంది. తర్వాత కాళ్ళు పైకెత్తి అరగంట పడుకోవడం కూడా అనవసరం. పాప మధ్యలో పడుకునే ఇళ్ళలో అసలు కష్టం వేరే ఉంటుంది. దానికి డాక్టర్ దగ్గర మందు లేదు, మీరే ఏర్పాటు చేసుకోవాలి.

4. మొదటి పరీక్ష ఆయనకే

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, లెక్క ప్రకారం కూడా ఇదే సరైనది. సెమెన్ అనాలిసిస్ కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు. భార్యకు ట్యూబ్ టెస్ట్, లాపరోస్కోపీ (పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో చూడటం) దాకా వెళ్ళాక ఈ పరీక్ష గుర్తు చేయడం అన్యాయం.

నమూనా ఇచ్చే ముందు 2 నుంచి 7 రోజుల విరామం ఉండాలి. వీలైతే ల్యాబ్‌లోనే ఇవ్వాలి. ఇంటి నుంచి తెస్తే జేబులో ఒంటి వేడి తగిలేలా పెట్టుకుని గంటలోపు అందించాలి. మామూలు కండోమ్‌లో పట్టకూడదు.

రిపోర్టులో చూడాల్సిన అంకెలు నాలుగైదే. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో ఇచ్చిన కనీస హద్దుల ప్రకారం పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 16 మిలియన్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు సాగే కదలిక 30 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఆకారం 4 శాతమే అని చూసి గుండె ఆగినంత పని అవుతుంది, కంగారు వద్దు. ఇవి గీత గీసినట్టు పాస్, ఫెయిల్ మార్కులు కావు. కాస్త తక్కువున్నా సహజంగా గర్భం వచ్చినవాళ్ళు ఉన్నారు. రిపోర్టు బాగోకపోతే ఇంకోసారి చేయించకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఒక కణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. రెండు నెలల కిందట డెంగీ జ్వరం వచ్చి ఉంటే ఇవాళ్టి రిపోర్టులో అది కనబడుతుంది. ఇవాళ గుట్కా మానేస్తే ఫలితం మూడు నెలల తర్వాత కనబడుతుంది.

మొదటి బిడ్డకూ ఇప్పటికీ మధ్య ఏం మారింది? పొట్ట, షుగర్, సిగరెట్లు, మందు, వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం (వేరికోసీల్), బాయిలర్ల దగ్గర పని, ఒళ్ళో లాప్‌టాప్. జిమ్‌లో కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ గురించి ప్రత్యేకంగా అడగండి. మగతనం పెంచుతుందనుకుంటారు గానీ అది కణాల ఉత్పత్తినే ఆపేస్తుంది. మానేశాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

మావారు రిపోర్టు చూసి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు టీ తాగుతూ, "నీకెన్నిసార్లు రక్తం తీశారే?" అని అడిగారు. పదకొండు సార్లని చెప్పాను.

5. ఆ నెలలోనే మీ రక్తపరీక్షలు

టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ప్రొలాక్టిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), హిమోగ్లోబిన్ ముందు. కాన్పు తర్వాత ఏడాదిలో థైరాయిడ్ అటూ ఇటూ కావడం మామూలే. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళకు తర్వాత మధుమేహం వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష వదలొద్దు. అండం విడుదలవుతోందో లేదో తెలియడానికి తర్వాతి నెలసరికి వారం ముందు ప్రొజెస్టరాన్ చూస్తారు. ల్యాబ్‌వాళ్ళు "21వ రోజు" అని రాస్తారు. మీ చక్రం 35 రోజులైతే 28వ రోజున వెళ్ళండి, లేకపోతే ఊరికే తక్కువ వచ్చి భయపెడుతుంది.

ఏఎమ్‌హెచ్ (మిగిలిన అండాల నిల్వను అంచనా వేసే రక్తపరీక్ష) గురించి ఒక మాట. ఐవీఎఫ్ (ల్యాబ్‌లో అండాన్ని, వీర్యకణాన్ని కలిపే పద్ధతి) ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావొచ్చో అది సూచిస్తుంది. సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది అది చెప్పదు. "ఏఎమ్‌హెచ్ తక్కువ, వెంటనే ఐవీఎఫ్" అని ఆ ఒక్క కాగితంతో తేలిస్తే ఇంకో డాక్టర్‌కి చూపించండి.

మొదటి కాన్పు తర్వాత పదిహేను కిలోలు పెరిగి, నెలసరి రెండు నెలలకోసారి అవుతోందంటే పీసీఓఎస్ ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోల నుంచి ఏడు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పుడే మొదలుపెట్టండి. షుగర్, ఫిట్స్ మందులు ఉన్నవాళ్ళకు డోసు వేరుగా ఉంటుంది, డాక్టర్‌ని అడగాలి.

6. స్కాన్, ట్యూబ్ టెస్ట్

తెలంగాణలో సిజేరియన్లు ఎంత ఎక్కువో చెప్పక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కాన్పుల్లో 60 శాతం పైనే, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం. అందుకే సిజేరియన్ కుట్టు గురించి తెలుసుకోవాలి. కొందరిలో ఆ కుట్టు దగ్గర గర్భసంచి గోడలో చిన్న గుంట మిగిలిపోతుంది. నెలసరి రక్తం అందులో నిలిచి, అయిపోయిందనుకున్నాక నాలుగైదు రోజులు గోధుమరంగులో మరకలు పడతాయి. ఆ ద్రవం పైకి చేరితే పిండం అంటుకోవడం కష్టమవుతుంది. ఈ లక్షణం ఉంటే మీరే చెప్పండి, యోని ద్వారా చేసే స్కాన్‌లో ఆ గుంట కోసం ప్రత్యేకంగా చూస్తారు. అందరికీ ఆపరేషన్ అవసరం ఉండదు.

హెచ్‌ఎస్‌జీ, అంటే గర్భసంచిలోకి మందు పంపి ఎక్స్‌రేలో చూసే ట్యూబ్ టెస్ట్, నెలసరి ఆగాక అండం విడుదలకు ముందు, సాధారణంగా నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెడితే 6 నుంచి 11వ రోజు మధ్య చేస్తారు. ఆ నెల టెస్ట్ అయ్యేదాకా కలవకూడదు. గంట ముందు డాక్టర్ చెప్పిన నొప్పి మాత్ర వేసుకోండి. చల్లటి బల్ల, మోకాళ్ళు మడిచి, కడుపులో నెలసరి నొప్పిలాంటిది ఒక్కసారిగా ఎగదన్నుతుంది. తెర మీద చిన్న త్రికోణం, దాని రెండు మూలల నుంచి దారపు పోగుల్లాంటి ట్యూబులు, చివర అగరొత్తి పొగలా విడిపోయే మందు. అలా విడిపోయిందంటే దారి తెరిచే ఉన్నట్టు. ఒక ట్యూబ్ తెరిచి ఉన్నా ఆశ ఉంది.

రెండూ మూసుకుంటే మన దగ్గర టీబీని మర్చిపోకూడదు. దగ్గు లేకుండానే ట్యూబులకు, గర్భసంచికి రావొచ్చు. ఒక్క పీసీఆర్ (క్రిమి జన్యువు కోసం చూసే పరీక్ష) కాగితం చూసి నెలల తరబడి మందులంటే రెండో అభిప్రాయం తీసుకోండి. నిజంగా ఉంటే మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

7. చికిత్స నిచ్చెన

అండం విడుదల కాకపోతే లెట్రోజోల్ మాత్రలు, నెలసరి మొదట్లో ఐదు రోజులు. స్కాన్ లేకుండా, మెడికల్ షాపు సలహాతో వేసుకోకండి. తర్వాత ఐయూఐ, అంటే శుభ్రం చేసిన వీర్యకణాలను నేరుగా గర్భసంచిలోకి పంపడం. దానికి కనీసం ఒక ట్యూబ్ తెరిచి ఉండాలి, కదిలే కణాలు ఓ మాదిరిగానైనా ఉండాలి. మూడు నాలుగుసార్లకు రాకపోతే అదే పనిగా పదిసార్లు చేయించడంలో అర్థం లేదు. రెండు ట్యూబులూ మూసుకున్నా, కౌంట్ మరీ తక్కువైనా, వయసు ముంచుకొస్తున్నా ఐవీఎఫ్. ట్యూబ్‌లో నీరు నిండి ఉంటే ఐవీఎఫ్‌కు ముందే దాన్ని తీసేయడమో మూసేయడమో చేస్తారు.

ఒక్కో మెట్టు ఎక్కేముందు "ఇది ఎన్ని నెలలు? రాకపోతే తర్వాతేంటి?" అని అడిగి రాసుకోండి. మాకు ఆయన గుట్కా మానేసి, నా థైరాయిడ్ దారికొచ్చాక మూడో ఐయూఐలో నిలిచింది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాక బిడ్డను పోగొట్టుకున్న తల్లులదీ ఈ దారే, కాకపోతే కత్తిరించిన ట్యూబును తిరిగి కలిపించుకోవడం, లేదా నేరుగా ఐవీఎఫ్. మిగిలిన ట్యూబు పొడవు, వయసు చూసి నిర్ణయిస్తారు. 38 దాటినవాళ్ళు రెండు దారుల గురించీ ఒకే రోజు అడిగి తేల్చుకోవడం మంచిది.

8. డబ్బు, చట్టం

ప్రైవేటులో ఒక ఐవీఎఫ్ సైకిల్ మందులతో కలిపి లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది. ప్యాకేజీలో ఇంజెక్షన్లు, ఫ్రీజింగ్ ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. వెళ్ళేముందు ప్రస్తుతం ఏ సేవలు అందుతున్నాయో కనుక్కోండి.

2021 నాటి ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల) చట్టం ప్రకారం ఈ చికిత్సలకు స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ళ హద్దు ఉంది, క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. అదే ఏడాది వచ్చిన సరోగసీ (వేరే స్త్రీ గర్భంలో బిడ్డను మోయించడం) చట్టం మనలాంటివాళ్ళకు అడ్డు. బతికున్న బిడ్డ ఉన్న దంపతులకు సరోగసీ అనుమతి లేదు, ఆ బిడ్డకు వైకల్యమో ప్రాణాంతక జబ్బో ఉంటే తప్ప. "మేం చూసుకుంటాం" అనే ఏజెంట్ల మాట వినకండి. "ఈసారి బాబే పుట్టేలా చేస్తాం" అన్నవాళ్ళనైతే గుమ్మం ఎక్కనివ్వకండి, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అది నేరం. దత్తతకు మాత్రం ఒక బిడ్డ ఉండటం అడ్డు కాదు.

9. ఇంట్లో

"ఒకరున్నారుగా, తృప్తి పడొచ్చుగా" అన్న మాట చాలాసార్లు వింటారు. పిల్లలే లేనివాళ్ళ మధ్య క్లినిక్‌లో కూర్చున్నప్పుడు మనకే సిగ్గేస్తుంది, మనం ఏడవడానికి అర్హులం కామేమోనని. పాప మీద ప్రేమా, రెండో బిడ్డ లేదన్న బాధా ఒకే మనిషిలో ఉంటాయి. "టెన్షన్ మానేయ్, అదే వస్తుంది" అనేవాళ్ళకు నేను "సరే వదినా" అని ఊరుకునేదాన్ని. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వచ్చాను, అదే వారం హెచ్‌ఎస్‌జీకీ వెళ్ళాను. లేబుల్ లేని పొడుల జోలికి మాత్రం వెళ్ళలేదు.

పాప "నాకు తమ్ముడెప్పుడు?" అంటే తేదీలు చెప్పకండి. "మాకూ తెలీదురా" అన్నది నిజం, వాళ్ళకది సరిపోతుంది.

10. నెల తప్పాక

రెండు గీతలు కనబడగానే స్వీట్లు కొనకండి, ముందు స్కాన్ తేదీ రాయించుకోండి. ట్యూబులకు గతంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ట్యూబ్ ఆపరేషన్ జరిగినా గర్భం ట్యూబులో పడే ముప్పు ఉంది. సిజేరియన్ అయినవాళ్ళలో అరుదుగా పాత కుట్టు మీదే అంటుకుంటుంది. ఆరో వారంలో స్కాన్ చేయించి, గర్భం ఎక్కడ ఉందో ఆ రోజే అడగండి. ఈలోపు పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే స్కాన్ తేదీ దాకా ఆగకుండా రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి. మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే మొదటి కాన్పులో యాంటీ-డి ఇంజెక్షన్ (తర్వాతి గర్భానికి రక్షణగా నెగెటివ్ గ్రూపు తల్లికి ఇచ్చేది) ఇచ్చారో లేదో ఆ రోజే చెప్పండి. పసుపు అంటిన ఆ పాత ఫైలు అప్పుడు కూడా సంచిలో ఉండాలి.